గుండ్లత్త ఇంట్లో కరిగిన సీసం

ఆమె అసలు పేరు మా వీధిలో ఎవరికీ తెలియదు. చిన్నాపెద్దా అందరికీ గుండ్లత్తే. చేపల వల తేలడానికి పైతాడుకి బెండ్లు కడతారు, మునగడానికి అడుగుతాడుకి సీసపు గుండ్లు వేస్తారు. రేవులో సగం పడవల వలలకి ఆ గుండ్లు పోసి ఇచ్చేది ఆమె. వాళ్ళాయనకి నెత్తిమీద వెంట్రుకన్నది లేదు. "మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గుండు నేనే, ఇదొక్కటే మా ఆవిడ పోయలేదు" అని నవ్విస్తూ ఉండేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

నేను ఆమె పక్కింట్లో ఉంటాను. బట్టలు కుడతాను. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. నా మిషను చప్పుడు ఆగితే ఆమె గోడ మీద తట్టి "ఏమే, ఒంట్లో బాలేదా?" అని అడిగేది. పెళ్ళయి ఈ వీధికి వచ్చిన కొత్తలో నాకు అన్నం వార్చడం కూడా చేతకాదు. అది మొదలు పసిపిల్లాడికి నీళ్ళు పోయడం దాకా అన్నీ ఆమే నేర్పింది. కన్నతల్లి దగ్గర లేని లోటు తెలియనివ్వలేదు. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాతది వింటే మీకు ఆమె మీద ఒళ్ళు మండుతుంది. మాకూ మండింది.

ఆమెది రెండు గదుల ఇల్లు. ముందు గది నిండా వలలు, వెనక వంటిల్లు. వంటింట్లో రెండు పొయ్యిలు. ఒకదాని మీద అన్నం ఉడికేది, రెండోదాని మీద సీసం కరిగేది. పాత నీళ్ళగొట్టాల ముక్కలు, కారు చక్రాలకి కొట్టే బరువులు, చచ్చిన బ్యాటరీల్లోంచి పీకిన పలకలు, ఇవన్నీ వలల కొట్టు యజమాని గోతాల్లో పంపేవాడు. ఆమె వాటిని ఇనప మూకుట్లో వేసి కాచేది. కరిగాక పైన నల్లటి తెట్టు కట్టేది. దాన్ని గరిటెతో తీసి గుమ్మం పక్కన దులిపేది. కింద ఉన్నది వెండిలా మెరిసేది. అచ్చులో పోసి, చల్లారాక బోర్లిస్తే బఠాణీ గింజలంత గుండ్లు టపటపా రాలేవి. ఒక్కో గుండుకీ ఒక చీలిక. ఆ చీలికలో తాడు పెట్టి, పంటి కింద పెట్టి నొక్కితే బిగుసుకుపోతుంది.

అవును, పంటితోనే. పట్టకారు వాడితే తాడు నలిగిపోతుందని, పన్నయితే ఎంత నొక్కాలో దానికే తెలుస్తుందని అత్త అనేది. వాళ్ళమ్మ అలాగే నేర్పింది, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ.

కూతురికి ఐసు ఫ్యాక్టరీలో పని, తెల్లారకముందే వెళ్ళిపోతుంది. అల్లుడు పడవెక్కాడంటే వారాల తరబడి కనపడడు. అందుకని మనవరాళ్ళిద్దరూ అమ్మమ్మ చేతుల్లోనే పెరిగారు. పెద్దది మూడో తరగతి. ఎవరేం మాట్లాడినా తప్పులు దిద్దుతుంది కాబట్టి దాన్ని పంతులమ్మ అనేవాళ్ళం. చిన్నదానికి మూడేళ్ళు నిండాయి. పొద్దున కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి నోరు మూయదు. అది వసపిట్ట. మా గోడకి ఆ పక్కనుంచి దాని వాగుడు వింటూనే నేను ఎన్నో రవికలు, చొక్కాలు కుట్టాను.

అత్తకి ఒక కొడుకు కూడా ఉన్నాడు. నలభైకి దగ్గరపడ్డాడు. రేవులో ఐసుపెట్టెలు మోస్తాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. అక్కడే గోదాము పక్కన ఒక గదిలో ఉంటాడు. చిన్నప్పుడు ఎన్నేళ్ళు బడికి పంపినా అక్షరం ముక్క రాలేదు. అత్త కొట్టని దెబ్బ లేదు. స్తంభానికి కట్టేసి ఒకటి నుంచి ఇరవై దాకా చెప్పమనేదట. పదమూడు దాటేవాడు కాదట. చివరికి విసిగిపోయి "వీడు మొద్దు, నా కడుపున మొద్దు పుట్టింది" అని వదిలేసింది. ఆ పేరే స్థిరపడిపోయింది. రేవులో ఎవరైనా "ఒరేయ్ మొద్దూ" అంటే "ఆఁ" అని పలుకుతాడు, నొచ్చుకోకుండా.

సాయంత్రం బడి వదిలాక మా వీధి పిల్లలందరూ అత్త గుమ్మం మీదే. ఒక్కొక్కరి చేతిలో ఒక తాడు పెట్టి, గుప్పెడు గుండ్లు పోసేది. ఎవరు వరస తప్పకుండా, ఎడం తప్పకుండా కొరికి బిగిస్తారో వాళ్ళకి ఉడికించిన గుడ్డు. నా కొడుకు ఆ ఆటలో మొనగాడు. ఇంటికొచ్చేసరికి వాడి పెదాల చుట్టూ బూడిదరంగు పట్టి ఉండేది. "మీసాలొచ్చాయిరా నీకు, ఇక పెళ్ళి చెయ్యాలి" అని నవ్వి, తుడిచేదాన్ని. వాడు అత్త ఇంట్లో ఉన్నాడంటే నాకు గుండె మీద చెయ్యేసుకుని కూర్చున్నంత నిశ్చింత.

వసపిట్ట మాత్రం కొరికేంత పెద్దది కాదు. అది నేల మీద పాకుతూ, పోసినప్పుడు చిందిన చుక్కలు ఏరుకునేది. అవి దానికి బొమ్మలు. ఒక్కో చుక్కకీ పేరు పెట్టి మాట్లాడేది. నోట్లో పెట్టుకుంటే అత్త వేలు పెట్టి తీసేది. "గొంతుకి అడ్డం పడుతుందే తల్లీ" అనేది. ఆమెకి తెలిసిన భయం అదొక్కటే.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా నాకు గోడవతల నిశ్శబ్దంగా అనిపించింది. మొదట పట్టించుకోలేదు. తర్వాత ఒకరోజు అడిగాను.

"అత్తా, మన వసపిట్ట ఏం మాట్లాడటం లేదేంటి?"

"కడుపునొప్పంటోంది. నులిపురుగులకి మందు వేశాను. తగ్గితే మళ్ళీ మనల్ని బతకనివ్వదులే."

తగ్గలేదు. కడుపు పట్టుకుని ముడుచుకుపోయేది. అన్నం ముట్టేది కాదు. రోజుల తరబడి దొడ్డికి వెళ్ళేది కాదు. ఎవరు ముట్టుకున్నా చిర్రెత్తి గోళ్ళతో గీరేది. వీధి చివరి డాక్టరు బలానికి టానిక్ రాసిచ్చాడు. ఇంతలో అది మాటలు మర్చిపోవడం మొదలుపెట్టింది. మర్చిపోవడం అంటే మాట వరసకి అనడం లేదు. నీళ్ళు కావాలంటే ముందు "నీళ్ళు" అనేది. తర్వాత "నీ" అనేది. ఆ తర్వాత బిందె వైపు చెయ్యి చూపించేది. అత్త నవ్వడానికి ప్రయత్నించేది. "పెరిగే పిల్లలు ఒక్కోసారి మాటలు దాచుకుంటారే" అనేది. ఆమె గొంతులో ఆ నమ్మకం లేదు.

ఒక మధ్యాహ్నం నేను గుండీలు కుడుతుంటే అత్త కేక వినపడింది. కేక కాదది, ఏదో చిరిగిన చప్పుడు. సూది వేలిలో దిగింది. అలాగే పరిగెత్తాను. పిల్ల వలల మీద పడి కొట్టుకుంటోంది. కళ్ళు పైకి తేలిపోయాయి, నోట్లోంచి నురగ. అత్త రెండు చేతులూ గాలిలో పెట్టుకుని నిలబడిపోయింది. ఎంతమంది పిల్లల్ని సాకిన చేతులవి, వాటికి ఏం చెయ్యాలో తెలియలేదు. నేనే పిల్లని పక్కకి ఒత్తిగిల్లబెట్టాను. ఐసు ఫ్యాక్టరీ బండి వీధిలోంచి పోతుంటే ఆపి, ఆ తడి ఐసు పెట్టెల మధ్యే కూర్చుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం.

అక్కడ పిల్లల డాక్టరమ్మ చిన్నది, మా ఆఖరి చెల్లెలి వయసుంటుంది. మూర్ఛ ఆగడానికి సూది వేసింది. పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసి "ఒంట్లో రక్తం లేదు" అంది. తర్వాత ఏవేవో అడిగింది. ఏం తింటుంది, నీళ్ళు ఎక్కడివి, గోడల రంగు పెచ్చులూడుతోందా, మట్టి తింటుందా. అత్త జవాబుల్లో ఏ తేడా దొరకలేదు.

"ఇంట్లో ఏం పని చేస్తారమ్మా?"

అత్త కొంచెం వెన్ను నిటారు చేసింది. "వలలకి గుండ్లు పోస్తానమ్మా. రేవంతా నా చేతి గుండ్లే."

డాక్టరమ్మ చేతిలో కలం ఆగిపోయింది. "గుండ్లంటే సీసమా? ఎక్కడ కరిగిస్తారు?"

"వంటింట్లో."

"ఈ పాప ఎక్కడుంటుంది అప్పుడు?"

"ఇంకెక్కడుంటుంది? నా పక్కనే."

డాక్టరమ్మ లేచి వచ్చింది. పిల్ల దగ్గరికి కాదు, అత్త దగ్గరికి. "ఏదీ, నోరు తెరవండి."

"జబ్బు నాకు కాదమ్మా, పిల్లకి."

"తెరవండి."

అత్త తెరిచింది. డాక్టరమ్మ చిన్న లైటు వేసి, నన్నూ రమ్మని చూపించింది. అత్త చిగుళ్ళ మీద, పళ్ళు మొలిచిన చోట, పెన్సిలుతో గీసినట్టు సన్నటి నీలిబూడిద గీత. ఇన్నేళ్ళు ఆ నోటి నవ్వు చూస్తున్నాను, ఆ గీత ఎప్పుడూ నా కంటపడలేదు.

"ఇది పళ్ళు తోమక వచ్చింది కాదు. సీసం. మీ ఒళ్ళంతా ఉంది" అంది డాక్టరమ్మ.

అత్తకి కోపం వచ్చింది. "పదేళ్ళ పిల్లగా ఉన్నప్పట్నుంచీ ఇదే పని. రాయిలా ఉన్నాను. సీసం మనిషిని తింటుందా?"

"మీ వయసువాళ్ళు మింగితే చాలావరకు బయటికి పోతుందమ్మా. పసిపిల్లలు మింగితే సగం దాకా ఒంటికి పట్టేస్తుంది. పాలల్లో ఉండే సున్నానికీ, అదే కాల్షియానికీ, దీనికీ తేడా ఒంటికి తెలియదు, తీసుకెళ్ళి ఎముకల్లో దాచిపెట్టుకుంటుంది. మెదడు తయారయ్యే వయసు కదా, అక్కడికీ వెళ్తుంది. ఆ పొగ, ఆ ధూళి, నేల మీద చెయ్యి పెట్టి నోట్లో పెట్టుకోవడం, ఇది చాలు." ఆవిడ మెల్లగానే చెప్పింది, గద్దించలేదు. గద్దించినా బాగుండేది.

రక్తం తీసుకున్నారు. పిల్లని వార్డులో ఉంచేశారు. ఫలితం వచ్చిన రోజు అత్త, ఆమె కూతురు, నేను ముగ్గురం వెళ్ళాం.

"రక్తంలో సీసం అంకె అయిదు దాటితేనే ఇదెక్కడి నుంచి వచ్చిందని వెతకాలి. నలభై అయిదు దాటితే ఆసుపత్రిలో పెట్టి మందిస్తాం. పాపకి డెబ్బై రెండు" అంది డాక్టరమ్మ.

కూతురు వార్డులోకి, పిల్ల దగ్గరికి పరిగెత్తింది. అత్త మాత్రం అర్థం కానట్టు చూస్తూ ఉంది, డెబ్బై రెండంటే బడిలో మార్కులు చెప్పినట్టు. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది.

"ఆ ఇంటికి ఇంకెవరైనా పిల్లలు వస్తారా?"

అత్త నెమ్మదిగా తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత నా కొడుకు పెదాల చుట్టూ ఉన్న ఆ బూడిదరంగు కళ్ళ ముందుకి వచ్చింది. నేను నవ్వుతూ తుడిచిన మీసం.  

"వాళ్ళు... గుండ్లు కొరుకుతారమ్మా" అంది అత్త. "పంటితో. నేనే నేర్పాను."



తర్వాత మా వీధి పిల్లలందరికీ బడి వరండాలో రక్తం తీశారు. ఒక్కరు కూడా అయిదులోపు లేరు. ఒక్కరంటే ఒక్కరు. పంతులమ్మకి నలభై నాలుగు. నా కొడుకుకి ముప్పై ఒకటి. మా అందరికీ మతిపోయింది ఎక్కడంటే, ఎదురింటి పసిదాని దగ్గర. దానికి ఇంకా నడక రాలేదు, అత్త గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. దానికీ ఇరవై పైన ఉంది. ఎలా అని అడిగితే, ఆసుపత్రి తరఫున ఇళ్ళల్లో దుమ్ము కొలవడానికి వచ్చినవాళ్ళు నేల చూపించారు. తెట్టు దులిపిన గుమ్మం, అక్కడి నుంచి మా అందరి చెప్పులు, చెప్పుల వెంట మా ఇళ్ళు. వాళ్ళు చేతిలో పట్టుకునే ఒక మిషను పెట్టి ఎక్కడ ఎంతుందో చూశారు. అన్నం గిన్నె మూత మీద ఉంది. పిల్లల దిండు మీద ఉంది. నా కుట్టుమిషను బల్ల మీద ఉంది. నేను ఊడ్చి, తుడిచి, శుభ్రంగా ఉంచుకున్నానని మురిసిపోయే ఇల్లు. పొడిగా ఊడ్చినప్పుడల్లా దాన్ని లేపి గాలిలో కలిపానట.

కుళాయి దగ్గర ఎదురింటి తల్లి అత్తని పట్టుకుంది. "మా పిల్లల నోట్లో విషం పెట్టి చేతిలో గుడ్డు పెడతావా? నీ చేతులు పడిపోను!" అని ఏడుస్తూ బిందె విసిరికొట్టింది. అత్త దొర్లిపోయిన బిందె తెచ్చి, కుళాయి కింద పెట్టి, నీళ్ళు నిండేదాకా నిలబడి వెళ్ళిపోయింది.

నేను ఆగలేకపోయాను. వెంటపడి వెళ్ళి అడిగాను. "నిజంగా నీకు తెలియదా అత్తా? ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనుమానం రాలేదా?"

ఆమె నా మొహంలోకి చూసింది. "తెలిస్తే నా వసపిట్టని పక్కన కూర్చోబెట్టుకుంటానటే?"



వార్డులో పిల్లకి మందు ఎక్కిస్తున్న రోజుల్లోనే ఒకసారి అత్త డాక్టరమ్మని ఒంటరిగా పట్టుకుంది. తోడు నేనున్నాను. 

"అమ్మా, నాకొక కొడుకున్నాడు. వాడు కడుపులో ఉన్నప్పుడు కూడా పోశాను. నొప్పులు వచ్చిన రోజు పొద్దున కూడా పోశాను. వాడి ఉయ్యాల పొయ్యి పక్కనే ఉండేది."

డాక్టరమ్మ కుర్చీ లాగి అత్తని కూర్చోబెట్టింది.

"వాడికి చదువు రాలేదు. లెక్క నిలవదు. ఇది దానివల్లేనా?"

"తల్లి ఒంట్లో ఉన్నది కడుపులో బిడ్డకి చేరుతుందమ్మా. కానీ ఇన్నేళ్ళ తర్వాత ఇదే కారణమని నేను చెప్పలేను."

"కాదని చెప్పగలరా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అదీ చెప్పలేను."

అత్త అక్కడి నుంచి ఇంటికి రాలేదు. తిన్నగా రేవుకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను, పడిపోతుందేమోనని భయంతో. కొడుకు పెట్టెల నీడలో కూర్చుని అన్నం తింటున్నాడు. తల్లిని చూసి లేవబోయాడు. "కూర్చో, తిను" అంది. వాడు తినేదాకా ఆగింది. చెయ్యి కడుక్కున్నాక చెప్పింది. సీసం సంగతి, ఉయ్యాల సంగతి, డాక్టరమ్మ అన్న మాట, అనని మాట, అన్నీ.

వాడు బుర్ర వంచుకుని విన్నాడు. తర్వాత తలెత్తాడు.

"అయితే అమ్మా, నేను పుట్టుమొద్దుని కాదేమో?"

"కాదేమోరా."

వాడి మొహం విప్పారింది. నేను అంత సంతోషం ఆ మొహంలో ఎప్పుడూ చూడలేదు. లేచి నిలబడి, అవతల బల్లల దగ్గర చేపలు ఏరుతున్న వాళ్ళకి గట్టిగా కేకేశాడు. "ఒరేయ్, నేను మొద్దుని కాదేమోనంటరా! సీసమంట! లోపలికి సీసం పోయిందంట!" వాళ్ళు నవ్వారు, ఏదో హాస్యమనుకుని. వాడూ నవ్వాడు. అత్త ఐసుపెట్టె అంచు గట్టిగా పట్టుకుంది.

నవ్వడం అయ్యాక వాడు మళ్ళీ తల్లి దగ్గర కూర్చున్నాడు. ఏదో లెక్క తేలనట్టు నుదురు ముడిచాడు.

"మరి కొట్టావెందుకమ్మా?"

నిష్ఠూరం కాదు. దెప్పిపొడవడం వాడికి రాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. అత్త వాడి చెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. వాడు కాసేపు అలాగే ఉండనిచ్చి, "పెట్టెల్లో ఐసు కరిగిపోతుందమ్మా, వెళ్ళాలి" అన్నాడు.

కానీ ఆ ఆదివారం వాడే వచ్చాడు గునపం తీసుకుని. దుమ్ము లేవకుండా వంటింటి నేల తడిపి, రెండు వేళ్ళ లోతు తవ్వాడు. ఆ మట్టి, మూకుడు, అచ్చులు, పాత వలలు, దిళ్ళు అన్నీ మూటలు కడితే, దుమ్ము కొలిచినవాళ్ళు బండి పంపి తీసుకెళ్ళారు. నేల మీద సిమెంటు పోశాడు. గోడలు తడిగుడ్డతో తుడిచాడు. మొదట ఎవరూ సాయానికి రాలేదు. మధ్యాహ్నానికి ఎదురింటి తల్లి బకెట్టుతో నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రానికి వీధంతా బయటికొచ్చి ఎవరి గడప వాళ్ళు కడుక్కుంటున్నారు.

పిల్లని ఇంటికి తెచ్చేసరికి ఎండలు పోయి వానలు వచ్చాయి. అంకె సగానికి తగ్గింది, కొన్ని వారాలకి మళ్ళీ కొంచెం పెరిగింది. ఎముకల్లో దాక్కున్నది బయటికి వస్తోందన్నారు. మళ్ళీ మందు, మళ్ళీ సూదులు. మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, కానీ అన్నీ రాలేదు. ఇప్పుడు దానికి అయిదేళ్ళు. మూడేళ్ళ పిల్లలా మాట్లాడుతుంది. బడిలో దాన్ని విడిగా కూర్చోబెట్టి నేర్పుతున్నారు. ముందు ముందు ఎలా ఉంటుందో డాక్టరమ్మ మాట ఇవ్వలేదు. పంతులమ్మ బాగానే చదువుతుంది, లెక్కలు మాత్రం దానికి కొరుకుడు పడటం లేదు. ఇంతకుముందు పడేవో లేదో ఎవరికీ గుర్తులేదు.

నా కొడుకు అంకె పద్నాలుగుకి దిగింది. వాడు బడిసంచీ మర్చిపోయి వెళ్తే, చెప్పిన పని సగంలో వదిలేస్తే, ప్రతి తల్లీ తిట్టినట్టే తిట్టబోతాను. తిట్టు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అది వాడి గుణమా, సీసమా? ఈ ప్రశ్న నాకు జన్మంతా తప్పదు. ఆ ఉలికిపాటు అలవాటు కాదు.

అత్త పని మానేసినంత మాత్రాన గుండ్లు ఆగలేదు. వలల కొట్టు యజమాని గోతాలని వెనక వీధిలో ఇంకో ఇంటికి పంపాడు. సంగతి తెలిసి అత్త కొట్టుకి వెళ్ళింది.

"తాతల కాలం నుంచీ పోస్తున్నారు, ఎవరు చచ్చారు చెప్పు?" అన్నాడాయన.

"చావలేదు. అదే వచ్చిన చిక్కు. చస్తే అందరికీ కనపడేది" అంది అత్త.

ఆయన తాడు కొలుస్తూ కూర్చున్నాడు. ఆమె మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ. కొట్టుకి వచ్చిన ప్రతి పడవ మనిషినీ ఆపి, "మీ ఇంట్లో పిల్లలున్నారా?" అని అడిగి, నోరు తెరిచి చిగుళ్ళు చూపించేది. చూసినవాళ్ళు భయపడేవాళ్ళు. కొందరు చిరాకుపడి తోసేసేవాళ్ళు. చివరికి ఆసుపత్రి మనుషులు, పడవల సంఘంవాళ్ళు వచ్చి మాట్లాడాక, పడవలు కట్టే చోటికి అవతల, ఇళ్ళకి దూరంగా ఒక రేకుల షెడ్డు వేశారు. అక్కడే కరిగించాలి, పిల్లలు లోపలికి రాకూడదు, పనివాళ్ళు బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కునే ఇంటికి పోవాలి. గుండ్లు పట్టకారుతో బిగిస్తున్నారు. తాడేమీ నలగడం లేదు. ఈ సంగతి విన్నప్పుడు అత్త ఒక రోజంతా తలుపు తీయలేదు.

అందరూ షెడ్డుకి పోతున్నారని చెప్పను. అంత దూరం పోలేక, వానొచ్చిందని, చంటిపిల్లని ఎవరు చూస్తారని, ఇంట్లోనే కాచేవాళ్ళు ఇంకా ఉన్నారు. అత్త ఇప్పుడు చిరిగిన వలలు అల్లుతుంది, సీసం జోలికి పోదు. పని లేనప్పుడు వీధులు తిరుగుతుంది. పొగ వాసన ఆమెకి ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది.

మొన్న అలాగే ఒక ఇంటికి వెళ్ళింది. అక్కడ చిన్న వయసు తల్లి ఒకామె చంకలో బిడ్డని పెట్టుకుని సీసం మూకుడు దగ్గర నిలబడి ఉందట. అత్త తిన్నగా లోపలికి పోయి, బిడ్డని లాక్కుని, బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. ఆ తల్లి "ఎవరు నువ్వు? నా బిడ్డనిచ్చెయ్!" అని గోల చేస్తే జనం పోగయ్యారు. పొయ్యి ఆర్పితే ఇస్తానంది అత్త. తిట్టారు, చెయ్యి పట్టి లాగారు, ఆమె కదల్లేదు. ఎవరో వచ్చి నాకు చెప్తే నేను పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి పొయ్యి ఆరింది. ఆ తల్లి అత్త పక్కనే అరుగు మీద కూర్చుని, బిడ్డని గుండెకి హత్తుకుని, వినడానికి ఇష్టం లేనిది వింటున్నట్టు వింటోంది.

రేపు ఆ బిడ్డకి రక్తం తీయిస్తారు. ఆ తల్లికి ఒంటరిగా వెళ్ళాలంటే భయమట. అత్తా నేనూ తోడు వెళ్తున్నాం.